ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కును మిషన్ ఆన్ అయ్యేటప్పుడు ఎలా తెరవాలి: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి డేటాను మార్చి ఉంచడం, ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్సు ఏదైనా ఎక్కించేటప్పుడు ఒక్క టిక్కు పెడితే అయిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. రోజూ పొద్దున్నే మిషన్ ఆన్ చేసినప్పుడు ఆ డిస్కును తెరిచేది ఎవరు, దేనితో? మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, మళ్లీ కరెంటు వచ్చేసరికి సర్వర్ దగ్గర ఎవరూ లేకపోతే? పాస్‌వర్డ్ తెలిసిన ఒక్క మనిషీ ఊళ్లో లేకపోతే?

విజయవాడ, గుంటూరుల్లో చిన్న ఆఫీసులకు, ల్యాబులకు, కొట్లకు ఈ పని చేసిపెడుతుంటాను. ఎక్కడికెళ్లినా ముందు అడిగేది ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదని. గట్టిదే. ఏఈఎస్ అనే ఆ ఎన్‌క్రిప్షన్ పద్ధతిని బద్దలుకొట్టి మీ ఖాతాల లెక్కలు ఎత్తుకెళ్లేంత ఓపిక ఎవడికీ లేదు. వాడు చూసేది తాళంచెవి ఎక్కడ దొరుకుతుందా అనే. అందుకే ఏ పద్ధతినైనా రెండే ప్రశ్నలు అడిగి తేల్చుకుంటాను. మిషన్ లేచేటప్పుడు దాని ముందు మనిషి ఉంటాడా? దొంగతనం జరిగితే ఏది పోతుంది: డిస్కు ఒక్కటేనా, మొత్తం సీపీయూనా, గదిలో ఉన్నవన్నీనా? డిస్కుతో పాటు తాళంచెవి కూడా అదే సంచిలో పోతే ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. లినక్సులో డిస్కు ఎన్‌క్రిప్షన్ అంటే దాదాపుగా లక్స్ పద్ధతే. ఇందులో డేటాను మూసే అసలు తాళంచెవి ఒకటే ఉంటుంది. దాన్ని తెరవడానికి మాత్రం విడివిడిగా స్లాట్లు ఉంటాయి: పాత లక్స్1లో 8, ఇప్పటి లక్స్2లో 32 వరకు. ఒక స్లాట్‌లో పాస్‌వర్డ్, ఇంకోదాంట్లో టీపీఎం (మిషన్‌లోనే ఉండే భద్రతా చిప్పు), మూడోదాంట్లో కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకునే రికవరీ కీ. ఏ ఒక్కటి పనిచేసినా డిస్కు తెరుచుకుంటుంది. కాబట్టి కింద చెప్పే పద్ధతుల్లో ఒకటి తీసుకుంటే మిగతావి వదులుకోవాలని కాదు. రోజువారీకి ఏది, ఆపదకు ఏది అన్నదే తేల్చుకోవాలి.

చేత్తో కొట్టే పాస్‌వర్డ్

అన్నిటికంటే పాతది, ఇప్పటికీ చాలామందికి సరైనది ఇదే. తాళంచెవి మీ బుర్రలో ఉంటుంది, డిస్కు దొంగ చేతిలో ఉంటుంది. అదనపు వస్తువు కొనక్కర్లేదు. మదర్‌బోర్డు కాలిపోయినా డిస్కు తీసి ఇంకో మిషన్‌కు తగిలించి అదే పాస్‌వర్డ్ కొడితే డేటా వచ్చేస్తుంది. గుంటూరు నుంచి విజయవాడ రోజూ రైల్లో వచ్చిపోయే కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌కు ఇంతకు మించి అక్కర్లేదు.

లక్స్2 పాస్‌వర్డ్‌ను ఆర్గాన్2 అనే పద్ధతిలో, బోలెడంత మెమరీ తినేలా నలిపి చూస్తుంది. మామూలుగా ఒక్కో ప్రయత్నానికి సుమారు 2 సెకన్లు పట్టేలా ఫార్మాట్ చేసేటప్పుడే లెక్క కడుతుంది. మీకు ఆ 2 సెకన్లు లెక్కలోకి రావు గానీ, లక్షల పాస్‌వర్డ్‌లు వరసపెట్టి కొట్టి చూసేవాడికి ప్రాణం పోతుంది. ఒక తిరకాసు ఉంది: మంచి జోరు మీదున్న డెస్క్‌టాప్‌లో ఫార్మాట్ చేసిన డిస్కును పాత ల్యాప్‌టాప్‌లో పెడితే తెరుచుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. పాడైందేమో అని కంగారు పడక్కర్లేదు.

పాస్‌వర్డ్ ఎలాంటిది పెట్టాలంటే, ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు మాటలు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు, గుర్తుంటాయి కూడా. అయితే మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రోజుకో రకంగా రాస్తాం. 'త'కు ఒకరోజు ఒక అక్షరం, మర్నాడు రెండు అక్షరాలు. అచ్చు పొడవుగా ఉంటే ఒకసారి అక్షరాన్ని రెండుసార్లు కొడతాం, ఇంకోసారి ఒకటితో సరిపెడతాం. అలాంటి మాటలు వద్దు. ఎలా రాసినా ఒకేలా వచ్చే మాటలు ఏరుకోండి. సామెతలూ పాటల పల్లవులూ అసలే వద్దు. ఇంకా, ఆ తెర దగ్గర చాలాసార్లు నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంటుంది. కుడిపక్క అంకెల మీట్లతో కొట్టి "పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా, తీసుకోవట్లేదండీ" అని ఫోన్ చేసేవాళ్లు చాలామందే. అంకెలను పై వరసలోవే కొట్టడం అలవాటు చేసుకోవాలి.

బూట్ భాగాన్ని కూడా ఎన్‌క్రిప్ట్ చేసి, గ్రబ్ (లినక్సును లేపే బూట్‌లోడర్) దగ్గరే పాస్‌వర్డ్ అడిగించే ఏర్పాటు కొందరు చేస్తారు. సొగసుగానే ఉంటుంది గానీ నేను పెద్దగా సిఫారసు చేయను. గ్రబ్ దగ్గర ఒక్క అక్షరం తప్పినా చాలా మిషన్లలో మళ్లీ అడగదు, నల్లటి రెస్క్యూ తెరలో పడేస్తుంది. లక్స్2ను గ్రబ్ 2.06 నుంచి గుర్తిస్తోంది, అదీ 2.12 దాకా పాస్‌వర్డ్‌ను నలిపే పాత పీబీకేడీఎఫ్2 పద్ధతి వరకే. అలాంటి గ్రబ్‌తో ఆర్గాన్2 ఇచ్చే అసలు లాభాన్ని వదులుకోవాలి. పైగా పాస్‌వర్డ్ రెండుసార్లు అడగకుండా ఉండాలంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (అసలు డిస్కు తెరుచుకోకముందు నడిచే చిన్న ఫైళ్ల మూటలో) కీఫైల్, అంటే తాళంచెవిగా పనిచేసే ఫైలు, దాచాలి. ఇంత తంటా పడి సాధించేది తక్కువ.

పాస్‌వర్డ్ పద్ధతి ఎక్కడ చతికిలపడుతుందో ఊహించడం కష్టమేం కాదు. మనిషి లేనిచోట. నలుగురు వాడే మిషన్ దగ్గర కూడా అంతే: వారం తిరిగేసరికి మానిటర్ అంచున పసుపు చీటీ మీద పాస్‌వర్డ్ కనబడుతుంది.

టీపీఎం: మిషనే తాళంచెవి పట్టుకుంటే

విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి చేశాక మామూలు ల్యాప్‌టాప్‌లన్నిట్లో ఈ చిప్ ఉంటోంది. కొన్నిట్లో విడి చిప్పుగా, చాలావాటిల్లో ప్రాసెసర్‌ లోపలే. పని ఇలా జరుగుతుంది. ఒక రహస్య సంఖ్యను టీపీఎం తన దగ్గర మాత్రమే విప్పగలిగేలా మూసి ఇస్తుంది, ఆ మూట డిస్కు మొదట్లో లక్స్ వివరాలుండే హెడర్ భాగంలో ఉంటుంది. మిషన్ లేచేటప్పుడు ఫర్మ్‌వేర్, సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఏర్పాటు) పరిస్థితి, బూట్‌లోడర్ లాంటివాటి కొలతలు పీసీఆర్ అనే గళ్లలో నమోదవుతాయి. మూసినప్పటి కొలతలూ ఇప్పటివీ సరిపోతేనే టీపీఎం మూట విప్పుతుంది. సరిపోకపోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. లినక్సులో మిషన్ లేచాక సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలో, 2021లో వచ్చిన 248 వెర్షన్ నుంచి క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే సాధనంతో ఇది ఒక్క ఆదేశం పని.

హాయిగా ఉంటుంది. ఏమీ కొట్టక్కర్లేదు, నేరుగా లాగిన్ తెర వస్తుంది. డిస్కు ఒక్కటే ఊడదీసుకుపోయినవాడికి, వారంటీలో మార్చిన పాత డిస్కు ఎక్కడ తేలినా, ఏమీ దక్కదు. అంతవరకు భేష్.

మొత్తం ల్యాప్‌టాప్ పోతే? దొంగ ఆన్ చేస్తాడు, డిస్కు దానంతటదే తెరుచుకుంటుంది. ఇక అడ్డుగా మిగిలింది లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే. విడి చిప్పు ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో టీపీఎంకూ ప్రాసెసర్‌కూ మధ్య నడిచే సంకేతాలను వైరు పెట్టి చదివి, బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) తాళంచెవిని నిమిషంలోపే పట్టుకోవచ్చని 2024లో ఒక పరిశోధకుడు రాస్ప్‌బెర్రీ పై పీకో అనే చవక బోర్డుతో చేసి చూపించాడు. ప్రాసెసర్ లోపలి టీపీఎంలకు ఈ వైరు దారి ఉండదు.

లినక్సులో ఇంకో లొసుగు ఉంది, దీని గురించి చాలామంది ఎత్తరు. మామూలుగా టీపీఎంను పీసీఆర్ 7కు కట్టమంటారు. అందులో ఉండేది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా, ఏ సంతకాలు నమ్మారు అన్నంతవరకే. బూట్ భాగంలో ఎన్‌క్రిప్షన్ లేకుండా పడి ఉన్న ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను ఎవరైనా మార్చి పెట్టినా పీసీఆర్ 7 కొలత మారదు. టీపీఎం ఎప్పట్లాగే తాళంచెవి అందిస్తుంది. దాన్ని కూడా కొలిచే పీసీఆర్ 9కు కడితే ఆ దారి మూసుకుపోతుంది గానీ, లినక్సు గుండెకాయ లాంటి కర్నెల్‌కు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొలత మారి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, మళ్లీ టీపీఎంకు కట్టుకోవాలి. కర్నెల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కలిపి ఒకే సంతకం చేసిన ఫైలుగా బూట్ చేయడం దీనికి సరైన మందు, కాకపోతే ఒకరోజు కూర్చోవలసిన పని. అందుకే టీపీఎం ఒక్కదాన్నే నమ్ముకోవడాన్ని 'డిస్కు పోతే భయం లేదు' అన్న మేరకే లెక్కేసుకోండి.

డెబియన్, ఉబుంటు 24.04 వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో మామూలుగా వచ్చే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సాధనం, ఏ డిస్కును దేనితో తెరవాలో చెప్పే క్రిప్ట్‌ట్యాబ్ ఫైలులో రాసే టీపీఎం, ఫిడో (కింద చెప్పే యూఎస్‌బీ భద్రతా కీ) ఆప్షన్లను, సిస్టమ్ ఉండే రూట్ డిస్కు కోసం పట్టించుకోదు. అన్నీ సరిగ్గా చేసినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. డ్రాకట్ అనే ఇంకో సాధనానికి మారాలి, లేదా కింద చెప్పే క్లీవిస్ వాడాలి. ఫెడోరాలో మామూలుగా వచ్చేది డ్రాకటే కాబట్టి ఈ గొడవ లేదు.

ఆరు అంకెల పిన్

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడిపే ఒక పెద్దాయనకు పాస్‌వర్డ్ పద్ధతి వివరిస్తుంటే మధ్యలోనే ఆపేశారు.

"ఏమయ్యా, బయట లారీ నిలబడి ఉంటే నేను కూర్చుని పాతిక అక్షరాలు కొట్టాలా?"

"ఆరు అంకెలైతే కొడతారా బాబాయ్ గారూ?"

"అదెంతసేపు, ఏటీఎంలో కొట్టట్లా!"

టీపీఎంకు పిన్ కలిపితే వచ్చే లాభం ఇదే. మామూలు పాస్‌వర్డ్‌గా 6 అంకెలు పెడితే పరమ దండగ, డిస్కును కాపీ చేసుకుని పది లక్షల అంకెలనూ తీరిగ్గా కొట్టి చూడొచ్చు. టీపీఎం మధ్యలో ఉంటే అలా కుదరదు. తప్పు పిన్ కొన్నిసార్లు పడగానే చిప్పు తనంతట తానే బిగుసుకుపోతుంది, కొంతసేపు ఆగితే గానీ మళ్లీ ప్రయత్నం చేయనివ్వదు. డిస్కు కాపీ తీసుకున్నా ఆ చిప్పు లేకుండా పిన్ ఎందుకూ పనికిరాదు. మిషన్ మొత్తం పోయినా, పిన్ తెలియకుండా డిస్కు తెరుచుకోదు. ఇందాక చెప్పిన వైరు తంతుకూ ఇది పెద్ద అడ్డుగోడ.

లినక్సులో సిస్టమ్‌డీ 251 నుంచి ఈ పిన్ సదుపాయం ఉంది. విండోస్‌లో ప్రో ఎడిషన్ ఉండాలి. గ్రూప్ పాలసీలో 'రిక్వైర్ అడిషనల్ ఆథెంటికేషన్ ఎట్ స్టార్టప్' అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పిన్ పెట్టుకోనిస్తుంది, మామూలుగా కనీసం 6 అంకెలు. పెద్దాయన కొట్లో టాలీ నడిచేది విండోస్ మీద కాబట్టి అక్కడ ఇదే పెట్టాం.

మనిషి ముందు కూర్చుని ఆన్ చేసే మిషన్లన్నిటికీ నా మొదటి ఓటు దీనికే. పాస్‌వర్డ్ కంటే బలమైనదని కాదు. జనం నిజంగా పాటించే పద్ధతి కాబట్టి.

బుడమేరు నేర్పిన పాఠం

టీపీఎం ఉన్న ఏ ఏర్పాటుకైనా వెనకాల ఒక రికవరీ కీ ఉండి తీరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తుల్లో ఉన్న సీపీయూలు మునిగాయి. అలా మునిగిన మిషన్‌లో మదర్‌బోర్డు బతకకపోయినా ఎస్‌ఎస్‌డీ ఆరబెట్టాక పనిచేయొచ్చు. కానీ డిస్కును తెరిచే టీపీఎం మదర్‌బోర్డుతో పాటే పోయింది. పాస్‌వర్డో రికవరీ కీనో ఇంకో స్లాట్‌లో లేకపోతే, డిస్కు బాగానే ఉన్నా డేటా రాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మన ఊళ్లలో గూఢచారి వచ్చి డిస్కు కాపీ చేయడం కంటే మదర్‌బోర్డు కాలడం, తడవడం, సర్వీసు వాడు మార్చేయడం ఎక్కువ. బయోస్ అప్‌డేట్ చేసినా, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసినా, కొన్ని మిషన్లలో ప్రాసెసర్ మార్చినా టీపీఎం మొండికేస్తుంది.

క్రిప్ట్‌ఎన్‌రోల్ ఇచ్చే రికవరీ కీ 64 అక్షరాలు, ఎనిమిదేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఏ కీబోర్డు లేఅవుట్‌లోనైనా ఒకేచోట ఉండే అక్షరాలనే ఏరి వాడారు, అందుకే చూడ్డానికి వింతగా ఉంటుంది. తెర మీద క్యూఆర్ కోడ్‌ కూడా చూపిస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం అందరూ చేసే పని. ఆ ఫొటో మర్నాటికి గూగుల్ ఫొటోస్‌లో, ఆ తర్వాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కాగితం మీద రాసుకోండి.

విండోస్‌లో అది 48 అంకెలు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతా నీలి తెరలు పడినప్పుడు, ఎన్నో ఆఫీసుల్లో మిషన్‌ను బాగుచేయడానికి ముందు ఈ 48 అంకెలు వెతుక్కోవాల్సి వచ్చింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన మిషన్లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, అడగకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అవుతోంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. తమ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిందనే తెలియనివాళ్లు ఎందరో. ఒక సర్వీసు షాపులో ల్యాప్‌టాప్ బోర్డు మార్పించుకున్న డిగ్రీ అమ్మాయికి ఇంటికెళ్లి ఆన్ చేస్తే 48 అంకెల తెర ప్రత్యక్షమైంది. షాపు వాళ్లు ముందు ఒక్క మాటా చెప్పలేదు. ఆమె పాత కాలేజీ మెయిల్ ఖాతాలో కీ దొరికింది కాబట్టి సరిపోయింది. విండోస్ వాడేవాళ్లు ఈ వ్యాసం సగంలో ఆపేసైనా సరే, ఇప్పుడే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి ప్రింట్ తీసుకోండి. బయోస్ అప్‌డేట్ చేసే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి.

పెన్‌డ్రైవ్, ఫిడో కీ

పెన్‌డ్రైవ్‌లో కీఫైల్ పెట్టి, అది గుచ్చితేనే డిస్కు తెరుచుకునేలా చేయొచ్చు. వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఆ పెన్‌డ్రైవ్‌ను పొద్దున గుచ్చినవాళ్లు సాయంత్రం తీయరు, దుమ్ముపట్టి సీపీయూ వెనకాలే ఉంటుంది. దొంగ రెండూ కలిపే పట్టుకుపోతాడు. తీసినా, ఫైలు ఎవరైనా నిమిషంలో కాపీ చేసుకోవచ్చు, చేసినట్టు ఆనవాలు కూడా ఉండదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

ఫిడో2 కీ, అంటే యూఎస్‌బీలో గుచ్చే భద్రతా కీ, అలా కాదు. లోపలి రహస్యం బయటికి రాదు, కాపీ కాదు, వేలు తాకితేనే స్పందిస్తుంది, పిన్ కూడా పెట్టుకోవచ్చు. కొనేముందు హెచ్‌మాక్ సీక్రెట్ అనే సదుపాయం ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే డిస్కు తెరవడానికి పనికిరాదు. యూబీకీ 5 వరసలో ఉంటుంది. ధర వేలల్లో, పైగా రెండు కొనాలి: ఒకటి తాళాల గుత్తికి, ఒకటి ఇంట్లో బీరువాకు. ఆడిటర్ల ఆఫీసుల్లో భాగస్వాములిద్దరికీ చెరొకటి ఇస్తే చక్కగా కుదురుతుంది. పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు నిండిన ల్యాప్‌టాప్‌లు క్లయింట్ల దగ్గరికి తిరుగుతుంటాయి కదా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. అంత దాకా రాకపోయినా, క్లయింటుకు ఏమని చెబుతారు?

మనిషి లేని సర్వర్

అసలు తలనొప్పి ఇక్కడ. గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబు ఉందనుకోండి. రిపోర్టులన్నీ ఒక లినక్సు సర్వర్‌లో. తెల్లవారుజామునే శాంపిళ్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు వరసలో ఉంటారు. రాత్రి కరెంటు పోయి సర్వర్ ఆగిపోయి, కరెంటు వచ్చాక పాస్‌వర్డ్ తెర మీద నిలబడి ఉంటే, డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌కు పాస్‌వర్డ్ చెప్పలేం, చెప్పకుండానూ ఉండలేం. మూడు దారులున్నాయి.

మొదటిది డ్రాప్‌బేర్. రూట్ డిస్కు తెరుచుకోకముందే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే దారి) నడుస్తుంది. మీరు ఇంటి నుంచి లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ కొడితే మిషన్ ముందుకు సాగుతుంది. తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది కాబట్టి గదిలో ఉన్నవన్నీ పోయినా భయం లేదు. వైఫైతో ఈ దశలో పని జరిపించడం చాలా ఇబ్బంది, లాన్ వైరు, స్థిరమైన ఐపీ పెట్టండి. మన ఫైబర్ కనెక్షన్లు చాలావాటిల్లో బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు, ఒకే ఐపీని ఎందరికో పంచుతారు. అప్పుడు లోపల ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి దాని మీదుగా వీపీఎన్‌లో వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ ఎత్తే మనిషి ఎవరన్నది కూడా ముందే తేల్చుకోవాలి మరి.

రెండోది టాంగ్, క్లీవిస్. రెడ్ హ్యాట్ వాళ్లు తెచ్చిన జోడీ. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక చిన్న మిషన్ మీద టాంగ్ నడుస్తుంది. సర్వర్ లేచేటప్పుడు క్లీవిస్ వెళ్లి టాంగ్‌ను పలకరిస్తుంది. అది బదులిస్తేనే డిస్కు తెరుచుకుంటుంది. ఇందులో ముచ్చటైన విషయం, టాంగ్ దగ్గర సర్వర్ల తాళంచెవులేవీ ఉండవు, తాళంచెవి వైరు మీద ప్రయాణించదు కూడా. ఇద్దరి దగ్గరున్న సగం సగం లెక్క కలిస్తేనే తాళంచెవి పుడుతుంది. సర్వర్‌ను ఎత్తుకెళ్లి ఇంకోచోట ఆన్ చేస్తే టాంగ్ కనబడదు, డిస్కు తెరుచుకోదు. మనిషితో పనే లేదు.

టాంగ్ పెట్టిన రాస్ప్‌బెర్రీ పైని సర్వర్ పక్కనే అదే ర్యాకులో పెడితే మాత్రం ఈ కథంతా వృథా. దొంగ రెండూ తీసుకుపోతాడు. పై అంతస్తులో, ఫాల్స్ సీలింగ్ పైన, ఇంకా మేలు వేరే బ్రాంచిలో పెట్టి రూటర్ల మధ్య వీపీఎన్ కలపాలి. కరెంటు వచ్చాక టాంగ్ ముందు లేచి, సర్వర్ కాస్త ఆగి అడిగేలా కూడా చూసుకోవాలి, స్విచ్ లేవకముందే సర్వర్ అడిగేస్తే సమాధానం రాదు. క్లీవిస్‌లో టాంగ్, టీపీఎం రెండూ సరేనంటేనే తెరిచేలా కట్టే సదుపాయం కూడా ఉంది. ల్యాబుకు నా సలహా అదే: టాంగ్‌తో పాటు టీపీఎం, ఆపదకు యజమాని దగ్గర పాస్‌వర్డ్.

మూడోది టీపీఎం ఒక్కటే. సర్వర్ గదికి తాళం, కెమెరా, మనుషుల కాపలా ఉంటే పరవాలేదు. రిసెప్షన్ టేబుల్ కింద ఉండే సర్వర్‌కు వద్దు.

ఏ దారైనా బయోస్‌లో కరెంటు రాగానే మిషన్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టారా లేదా చూడండి. అది మర్చిపోయి, టాంగ్ ఎందుకు పనిచేయట్లేదా అని రాత్రంతా కూర్చున్నవాళ్లున్నారు.

రెండో డిస్కు, బ్యాకప్ డిస్కు

రూట్ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, రెండో డేటా డిస్కు కోసం కీఫైల్‌ను రూట్ డిస్కులోనే పెట్టుకోవడం చక్కటి పద్ధతి. మొదటిది తెరిస్తే రెండోది దానంతటదే తెరుచుకుంటుంది. క్రిప్ట్‌ట్యాబ్‌లో నాలుగు గళ్లు: పేరు, డిస్కు, కీఫైల్, ఆప్షన్లు. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రాయొద్దు, ఆ డిస్కుకే ప్రత్యేకమైన యూయూఐడీ గుర్తింపు సంఖ్య రాయండి. యూఎస్‌బీ ఒకటి గుచ్చగానే ఆ పేర్లు తారుమారవుతాయి. కీఫైల్‌ను రూట్ తప్ప ఇంకెవరూ చదవలేకుండా 0400 అనుమతి పెట్టండి. ఆప్షన్లలోనూ, డిస్కులను ఎక్కడ జోడించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులోనూ నోఫెయిల్ అనే మాట చేర్చండి. అది లేకపోతే, బ్యాకప్ డిస్కు ఒకటి పాడైనందుకు మిషన్ మొత్తం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది.

రూట్ డిస్కు ఎన్‌క్రిప్ట్ కాకుండా, డేటా డిస్కు కీఫైల్ అందులో పెడితే? సీపీయూ మొత్తం పోయినప్పుడు ఉపయోగం సున్నా. కానీ రోజూ సాయంత్రం యాక్టివా డిక్కీలో ఇంటికి వెళ్లే ఎక్స్‌టర్నల్ బ్యాకప్ డిస్కుకు ఇది కూడా పనికొస్తుంది. దారిలో డిక్కీలోంచి పోయేది డిస్కు ఒక్కటే, తాళంచెవి ఆఫీసులో భద్రం. ఆ డిస్కుకు ఇంకో స్లాట్‌లో పాస్‌వర్డ్ కూడా పెట్టండి, ఆఫీసు మిషనే పోయినరోజు కావాల్సింది ఆ బ్యాకప్పే కదా.

ల్యాప్‌టాప్ మూత వేస్తే సరిపోదు

పైవన్నీ మిషన్ పూర్తిగా ఆఫ్‌లో ఉన్నప్పటి సంగతి. మూత వేసి స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్‌లో డిస్కు తెరిచే ఉంటుంది, తాళంచెవి మెమరీలో ఉంటుంది. రైల్లో, బస్‌స్టాండులో ల్యాప్‌టాప్ పట్టుకు తిరిగేవాళ్లు షట్‌డౌన్ చేయండి, లేదా స్వాప్ (మెమరీలోది డిస్కులో దాచే భాగం) కూడా ఎన్‌క్రిప్ట్ చేసి హైబర్నేట్ వాడండి.

హెడర్ బ్యాకప్, చివరి పరీక్ష

లక్స్2 హెడర్ మామూలుగా 16 ఎంబీ. అది చెడితే సరైన పాస్‌వర్డ్ ఉన్నా డేటా రాదు. విండోస్ ఎక్కించబోయి ఎవరో డిస్కు మొదటి భాగం తుడిచేస్తే చాలు. లక్స్ డిస్కులను నడిపే క్రిప్ట్‌సెటప్ సాధనంలో లక్స్‌హెడర్‌బ్యాకప్ అనే ఆదేశంతో దాన్ని ఫైలుగా తీసి వేరేచోట దాచుకోండి. పాస్‌వర్డ్ బయటపడిందని మార్చుకుంటే ఆ పాత హెడర్ ఫైలును కూడా పారేసి కొత్తది తీసుకోవాలి, పాత హెడర్‌తో పాత పాస్‌వర్డ్ ఇంకా డిస్కును తెరుస్తుంది.

టీపీఎం గానీ టాంగ్ గానీ పెట్టాక వెంటనే పాత పాస్‌వర్డ్ స్లాట్ తీసేయొద్దు. కాగితం మీద రాసుకున్న రికవరీ కీని ఆ కాగితం చూసే, కాపీ పేస్ట్ చేయకుండా, ఒకసారి కొట్టి చూడండి. క్రిప్ట్‌సెటప్‌లో డిస్కును తెరవకుండా పాస్‌వర్డ్ ఒక్కటే పరీక్షించే ఆప్షన్ ఉంది. అది సరేనన్నాక సర్వర్‌ను మామూలుగా రీస్టార్ట్ చేసి ఒకసారి, యూపీఎస్ ఆపి కరెంటు పీకి ఇంకోసారి లేపండి. ఈ రెండో పరీక్ష ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే మంచిది, సోమవారం పొద్దున్నే ల్యాబు తెరిచేవేళకు తేలకుండా.